ఊరి నీటిని గూర్చి వ్రాయు విలేఖరికి చట్టము ఇచ్చు అండ

గ్రామమునకు చెరువు ప్రాణము. వాగులోని ఇసుక భూగర్భజలమునకు కాపు. ఊరి బంజరు పశువులకు మేత, కొండ వర్షపు నీటికి ఆనకట్ట. ఈ సంగతులు పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని రాత్రివేళ వాగులోనికి దిగు లారీలను గూర్చి, కర్మాగారము నుండి చెరువులోనికి చేరు రంగు నీటిని గూర్చి, కొండను తొలిచివేయు క్వారీ ప్రేలుళ్లను గూర్చి మొట్టమొదట లోకమునకు తెలియజేయువారు ఎవరు? తరచుగా అది మండల కేంద్రమున నివసించుచు ఏదో యొక దినపత్రికకో, టెలివిజన్ సంస్థకో వార్తలు పంపు విలేఖరియే. ఆ విలేఖరికి పెద్ద జీతము లేదు. వెనుక పెద్ద కార్యాలయము లేదు. ఉన్నది ఒక ఫోను, ఒక మోటారు సైకిలు, ఊరివారి పరిచయము.

ఇట్టి విలేఖరికి మన చట్టములు ఏ మేరకు రక్షణ కల్పించుచున్నవి? ఏ మేరకు కల్పించుట లేదు? ఆ లోటును పూరించుటకు గ్రామ పంచాయతీ చేయదగినది ఏమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము.

భోపాల్ నేర్పిన పాఠము

విలేఖరి హెచ్చరికను పెడచెవిని పెట్టినచో ఏమి జరుగునో తెలిసికొనుటకు భోపాల్ నగరపు ఉదంతము ఒక్కటి చాలును. 1981 డిసెంబరులో అచ్చటి యూనియన్ కార్బైడ్ కర్మాగారములో విషవాయువు సోకి ఒక కార్మికుడు మరణించెను. ఆ మరణము రాజ్‌కుమార్ కేశ్వానీ అను స్థానిక పత్రికా రచయితను కలచివేసెను. ఆయన కర్మాగారపు లోగుట్టును నెలల తరబడి పరిశీలించి, 1982లో తాను నడుపుచుండిన ‘రపట్’ అను చిన్న వారపత్రికలో వరుసగా వ్యాసములు ప్రకటించెను. నగరమునకు పెనుముప్పు పొంచియున్నదని హెచ్చరించెను. 1984 జూన్‌లో ‘జనసత్తా’ దినపత్రికలో మరల వ్రాసెను. ఎవరును పట్టించుకొనలేదు. అదే సంవత్సరము డిసెంబరు 2వ తేదీ రాత్రి తెల్లవారకముందే ఆ కర్మాగారపు తొట్టినుండి మిథైల్ ఐసోసైనేట్ అను విషవాయువు వెలువడి నగరమును కమ్మివేసెను. వేలాది జనులు ప్రాణములు కోల్పోయిరి. బ్రతికినవారిలో లక్షలాది మంది రోగపీడితులైరి.

ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వుట మనకు అలవాటు. విలేఖరి చేయు పని, ఇల్లు అంటుకొనకముందే పొగను చూపుట. కావున అతనికి ఇచ్చు రక్షణ అతనిని గూర్చిన దయ కాదు. అది ఊరి ప్రాణములను గూర్చిన జాగ్రత్త.

ప్రమాదము ఎచ్చట నున్నది?

ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థయైన యునెస్కో 2024లో ఒక నివేదిక ప్రకటించినది. దాని ప్రకారము 2009 మొదలు 2023 వరకు ప్రపంచమున పర్యావరణ విషయములను గూర్చి వ్రాయుచుండిన 749 మంది విలేఖరులపై, వార్తాసంస్థలపై దాడులు జరిగినవి. ఆ 15 సంవత్సరములలో 44 మంది విలేఖరులు హత్యకు గురియైరి. ఆ హత్యలలో నేరస్థులకు శిక్ష పడినవి 5 మాత్రమే.

ఈ దాడులకు మూలకారణము సులభముగనే గోచరించును. ఇసుక, రాయి, కలప, భూమి ఎచ్చట నున్నవో అచ్చటనే వానివలన లాభము పొందువారును ఉందురు. పట్టణములోని విలేఖరి వ్రాసిన వార్త ఎవరిని నొప్పించినదో వారు అతనికి దూరముగా ఉందురు. గ్రామీణ విలేఖరి విషయమున అట్లు కాదు. అతడు ఉదయము ఎవరిని గూర్చి వ్రాసెనో సాయంత్రము వారి యింటి ముందుగనే నడిచి తన యింటికి చేరవలెను.

మధ్యప్రదేశ్ రాష్ట్రములోని భిండ్ పట్టణమున 2018 మార్చి నెలలో సందీప్ శర్మ అను టెలివిజన్ విలేఖరి మోటారు సైకిలుపై పోవుచుండగా లారీ క్రింద పడి మరణించెను. ఆయన అంతకు ముందు ఇసుక అక్రమ రవాణాను గూర్చి వార్తలు ప్రసారము చేసియుండెను. తన ప్రాణమునకు ముప్పు కలదనియు, రక్షణ కావలెననియు అధికారులకు ముందుగనే వ్రాతపూర్వకముగా తెలియజేసియుండెను. కాగితము అందినది, కాని మనిషి దక్కలేదు. చట్టములో రక్షణ ఉండుట వేరు, అది సకాలములో అందుట వేరు. ఈ రెంటి నడుమనున్న దూరమును గుర్తెరిగి తక్కిన భాగమును చదువవలెను.

రాజ్యాంగము చెప్పునది

మన రాజ్యాంగములో ‘పత్రికా స్వాతంత్ర్యము’ అను మాట ప్రత్యేకముగా కానరాదు. 19వ అధికరణము మొదటి ఖండములోని ‘ఎ’ ఉపఖండము పౌరులందరకు వాక్స్వాతంత్ర్యమును, భావ ప్రకటన స్వాతంత్ర్యమును ఇచ్చినది. పత్రికా స్వాతంత్ర్యము అందులోనిదే యని సుప్రీంకోర్టు 1950లో రమేశ్ థాపర్ కేసులో తీర్పు చెప్పినది. ఇందలి సూక్ష్మమును పంచాయతీ సభ్యులు గమనింపవలెను. ఈ హక్కు పౌరునిది. అక్రెడిటేషన్ కార్డు ఉన్న విలేఖరికి బస్సు ప్రయాణము, ప్రభుత్వ సమావేశములలో ప్రవేశము వంటి సౌకర్యములు కలుగవచ్చును. కాని కార్డు లేనంత మాత్రమున వ్రాయు హక్కు పోదు. “నీకు కార్డున్నదా? లేనిచో ఫోటో తీయకుము” అని చెరువు గట్టుపై నిలదీయుటకు ఎవరికిని అధికారము లేదు.

పర్యావరణమును గూర్చి వ్రాయువారికి మరియొక బలము కూడ కలదు. 1976లో చేసిన 42వ సవరణ ద్వారా రాజ్యాంగములో 48-ఎ, 51-ఎ అధికరణములు చేరినవి. అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను కాపాడుట ప్రతి పౌరుని ప్రాథమిక విధియని 51-ఎ అధికరణము చెప్పుచున్నది. కాలుష్యము లేని నీరు, గాలి జీవించు హక్కులోని భాగమేయని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో పేర్కొన్నది. కావున చెరువు కలుషితమును గూర్చి వ్రాయు విలేఖరి హక్కును వినియోగించుకొనుచున్నాడు, విధిని కూడ నెరవేర్చుచున్నాడు.

వార్తకు ఆధారము తెచ్చుకొను హక్కు

ఆధారము లేని వార్త విలేఖరికి రక్షణ ఇవ్వదు. ఆధారము సంపాదించుటకు చట్టము మూడు మార్గములు చూపుచున్నది.

మొదటిది సమాచార హక్కు చట్టము, 2005. దరఖాస్తు చేసిన 30 దినములలో సమాచారము ఇయ్యవలెను. ప్రాణమునకు, స్వేచ్ఛకు సంబంధించినదైనచో 48 గంటలలో ఇయ్యవలెను. మన తెలుగునాట గ్రామస్థాయి కార్యాలయములలో దరఖాస్తు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కారణము లేకుండ సమాచారము నిరాకరించిన అధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండ, జరిమానా విధించు అధికారము సమాచార కమిషనుకు కలదు.

రెండవది కాలుష్య నియంత్రణ మండలి రిజిస్టరు. నీటి కాలుష్య నివారణ చట్టము, 1974 ప్రకారము కర్మాగారములకు ఇచ్చిన అనుమతులను, విధించిన షరతులను మండలి ఒక రిజిస్టరులో నమోదు చేయవలెను. సంబంధము గలవారు దానిని తనిఖీ చేసికొనవచ్చును. కర్మాగారము ఎంత నీరు విడువవచ్చునో, ఎట్లు శుద్ధి చేసి విడువవలెనో అందు వ్రాసియుండును. ఆ షరతును, కాలువలోని నీటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో వార్త తానే మాటలాడును.

మూడవది ప్రజాభిప్రాయ సేకరణ సభ. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారము పెద్ద ప్రాజెక్టులలో చాలవానికి ఈ సభ జరుపవలసియున్నది. సభకు కనీసము 30 దినముల ముందు పత్రికలలో ప్రకటన రావలెను. ప్రాజెక్టు నివేదిక సారాంశము స్థానిక భాషలో లభింపవలెను. సభ జరుగు తీరునంతయు వీడియో తీయవలెను. ఇది బహిరంగ సభ. విలేఖరిని వెలుపల నిలుపుట ఆ ప్రకటన స్ఫూర్తికే విరుద్ధము.

బెదిరింపు వచ్చినప్పుడు

ఒక ఉదాహరణ తీసికొందము. ఒక విలేఖరి వాగులో యంత్రములతో ఇసుక తీయుచుండగా ఫోటోలు తీసెననుకొనుడు. కొందరు త్రోవలో అతని బండిని అడ్డగించి, ఫోను లాగికొని, మరల వ్రాసినచో ప్రాణము దక్కదని బెదిరించిరనుకొనుడు. ఇందు ఎన్ని నేరములున్నవో చూడుడు. త్రోవలో అడ్డగించుట భారతీయ న్యాయ సంహిత, 2023లోని 126వ సెక్షను క్రింద నేరము. భయపెట్టుట 351వ సెక్షను క్రింద నేరము. చంపుదుమని బెదిరించినచో శిక్ష ఏడు సంవత్సరముల వరకు ఉండవచ్చును. ఫోను బలవంతముగా లాగికొనుట మరియొక నేరము. ఈ సంహిత 2024 జూలై 1వ తేదీ నుండి పాత శిక్షాస్మృతికి బదులుగా అమలులోనికి వచ్చినది.

ఇట్టి సందర్భమున పోలీసు స్టేషనులో ఏమి జరుగవలెనో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023 చెప్పుచున్నది. నేరము జరిగిన చోటు తమ పరిధిలోనిది కాదని ఏ స్టేషనును ఫిర్యాదును త్రిప్పి పంపరాదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడ ఫిర్యాదు పంపవచ్చును. మూడు దినములలో సంతకము చేయవలెను. కాగ్నిజబుల్ నేరము జరిగినట్లు ఫిర్యాదు తెలిపినచో ప్రథమ సమాచార నివేదిక నమోదు చేయుట తప్పనిసరియని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో తీర్పు ఇచ్చినది. మూడు సంవత్సరములు మొదలు ఏడు సంవత్సరముల లోపు శిక్ష గల నేరములలో మాత్రము, పై అధికారి అనుమతితో 14 దినములలో ముగియునట్లు ప్రాథమిక విచారణ జరుపుటకు క్రొత్త సంహిత అవకాశమిచ్చినది. నివేదిక నకలును ఫిర్యాదుదారునికి ఉచితముగా ఇయ్యవలెను. కాగ్నిజబుల్ కాని నేరమైనచో సమాచారమును స్టేషను పుస్తకములో నమోదు చేసి, ఫిర్యాదుదారుని మేజిస్ట్రేటు వద్దకు పంపవలెను. స్టేషనువారు నిరాకరించినచో ఆ ఫిర్యాదును తపాలా ద్వారా జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు పంపవచ్చును. అప్పటికిని ఫలితము లేనిచో మేజిస్ట్రేటునకు దరఖాస్తు చేసికొనవచ్చును.

విలేఖరి తీవ్రమైన నేరమునకు సాక్షియైనప్పుడు మరియొక రక్షణ కలదు. సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకము ప్రకారము జిల్లా సెషన్సు జడ్జి అధ్యక్షతన జిల్లాలలో ఒక అధికార సంఘము ఉండవలెను. ముప్పున్న సాక్షి అచ్చట దరఖాస్తు చేసికొనినచో పోలీసు అధికారి ముప్పును అంచనా వేసి నివేదిక ఇచ్చును. దానిని బట్టి ఇంటివద్ద కాపలా, త్రోవలో తోడు, అవసరమైనచో తాత్కాలికముగా వేరొక చోట నివాసము ఏర్పాటు చేయవచ్చును. అట్టి పథకమును ప్రతి రాష్ట్రమును రూపొందించి ప్రకటింపవలెనని క్రొత్త సంహితలోని 398వ సెక్షను విధించినది.

విలేఖరుల భద్రతకు తగు చర్యలు తీసికొనవలసినదిగా కేంద్ర హోం మంత్రిత్వశాఖ 2017 అక్టోబరులో రాష్ట్రములకు సూచనలు పంపినది. ఇది సలహాయే కాని శాసనము కాదు. అయినను ఫిర్యాదులో దీనిని ఉదహరించుట ఉపయోగకరము.

దావాల బెడద

నేడు కొట్టుటకంటె కోర్టుకు ఈడ్చుట సులభమైన ఆయుధమైనది. పరువునష్టము నేరమునకు న్యాయ సంహిత 356వ సెక్షను రెండు సంవత్సరముల వరకు సాధారణ కారాగారమో, జరిమానాయో, రెండునో, సమాజ సేవయో శిక్షగా నిర్ణయించినది. కాని అదే సెక్షను మినహాయింపులను కూడ ఇచ్చినది. చెప్పినది సత్యమై, ప్రజల మేలుకొరకు చెప్పినదైనచో అది పరువునష్టము కాదు. ప్రభుత్వోద్యోగి తన విధి నిర్వహణలో ప్రవర్తించిన తీరును గూర్చి సద్బుద్ధితో చేసిన విమర్శయు పరువునష్టము కాదు. పంచాయతీ సభ్యుల పనులును ప్రజలకు సంబంధించినవే కావున వానిని గూర్చియు సద్బుద్ధితో విమర్శించు హక్కు ప్రజలకు కలదు.

సివిలు దావాలలో విచారణ జరుగకముందే వ్యాసమును తొలగింపవలెనని కోర్టులు తేలికగా ఉత్తర్వులు ఇయ్యరాదని సుప్రీంకోర్టు 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ కేసులో చెప్పినది. ధనబలము గలవారు ప్రజా ప్రయోజనమునకు సంబంధించిన మాటను నొక్కివేయుటకు దీర్ఘకాలపు దావాలను ఉపయోగించు ప్రమాదము కలదని కూడ ఆ తీర్పులో హెచ్చరించినది. ఐరోపా సమాఖ్య ఇట్టి దావాలను అరికట్టుటకు 2024లో ప్రత్యేక నిర్దేశము చేసినది. మన దేశమున కోర్టుల తీర్పులే ప్రస్తుతము ఆధారము.

విలేఖరికి సమాచారము చెప్పిన వారి పేరు బయటపెట్టవలెనా యన్నది మరియొక చిక్కు. ప్రెస్ కౌన్సిలు చట్టము, 1978 ప్రకారము కౌన్సిలు ఎదుట జరుగు విచారణలో ఏ విలేఖరినైనను ఆ పేరు చెప్పుమని నిర్బంధింపరాదు. కాని ఈ రక్షణ కౌన్సిలు వరకే పరిమితము. న్యాయస్థానములలో కూడ కొంత రక్షణ కల్పింపవలెనని లా కమిషను 1983లో తన 93వ నివేదికలో సిఫారసు చేసినది. విలేఖరికి వార్తను అందించినవారి రక్షణ పత్రికా స్వాతంత్ర్యమునకు అత్యవసరమని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో పేర్కొన్నది. గ్రామములో ఈ సంగతి మరింత ముఖ్యము. వాగులో కూలిపని చేయువాడే విలేఖరికి మొదటి మాట చెప్పును. అతని పేరు బయటపడినచో మరునాడు అతనికి పని దొరకదు.

ప్రత్యేక శాసనములు, సంక్షేమ పథకములు

విలేఖరుల రక్షణకై ప్రత్యేక శాసనము చేసిన రాష్ట్రములు కొద్దియే. మహారాష్ట్ర శాసనసభ 2017లో ఒక చట్టమును ఆమోదించినది. విధి నిర్వహణలోనున్న విలేఖరిపై హింసకు పాల్పడినవారికి మూడు సంవత్సరముల వరకు కారాగారము గాని, 50,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. డిప్యూటీ సూపరింటెండెంటు హోదాకు తగ్గని అధికారియే దర్యాప్తు జరుపవలెను. నష్టపోయిన ఆస్తికి, వైద్యమునకు అయిన ఖర్చును నేరస్థుడే భరింపవలెను. చట్టమును అడ్డము పెట్టుకొని అబద్ధపు ఫిర్యాదు చేసిన విలేఖరికి కూడ శిక్ష ఉన్నది. ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023 మార్చిలో అట్టి బిల్లునే ఆమోదించినది. తక్కినచోట్ల ఇంతవరకు వివరించిన సాధారణ చట్టములే ఆధారము.

ఆర్థిక సహాయము విషయమునకు వత్తము. పత్రికలలో పనిచేయువారి జీతములకు, పని గంటలకు 1955లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. 2020లో ఆమోదించిన కార్మిక స్మృతులు ఆ చట్టపు అంశములను తమలో చేర్చుకొన్నవి. కాని వార్తకు ఇంతయని తీసికొను గ్రామీణ విలేఖరికి ఈ రక్షణ చాలవరకు అందని ద్రాక్షయే. అందుచేత సంక్షేమ పథకములు అతనికి ముఖ్యము. కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ నిర్వహించు పాత్రికేయ సంక్షేమ పథకము క్రింద విలేఖరి మరణించినచో కుటుంబమునకు 5 లక్షల రూపాయల వరకు సహాయము లభించును. శాశ్వత వైకల్యము కలిగినప్పుడు, తీవ్రమైన వ్యాధి సోకినప్పుడు కూడ ఈ పథకము వర్తించును. దరఖాస్తులు ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ద్వారా పంపవలెను. రాష్ట్ర ప్రభుత్వముల పథకముల వివరములు జిల్లా పౌరసంబంధాధికారి కార్యాలయములో లభించును.

వార్తనుండి న్యాయస్థానము వరకు

వార్త వ్రాసినంత మాత్రమున చెరువు బాగుపడునా యని కొందరు అడుగవచ్చును. దీనికి సమాధానము మన తెలుగునాటనే యున్నది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురము గ్రామమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించిరి. ఎవరును పిటిషను వేయకముందే, వార్తలను ఆధారముగా చేసికొని జాతీయ హరిత ట్రిబ్యునలు మరునాడే తనంతట తాను విచారణ ప్రారంభించినది. 50 కోట్ల రూపాయలు ముందుగా డిపాజిటు చేయవలెనని ఆ సంస్థను ఆదేశించినది.

ఇట్లు తనంతట తాను కేసు చేపట్టు అధికారము ట్రిబ్యునలునకు కలదా యను ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లినది. ముంబయి నగరపు చెత్తను గూర్చి ఒక అంతర్జాల పత్రికలో వచ్చిన వ్యాసమును చూచి ట్రిబ్యునలు చేపట్టిన కేసు ఆ వివాదములలో ముఖ్యమైనది. ట్రిబ్యునలుకు అట్టి అధికారము కలదని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 7వ తేదీన తీర్పు ఇచ్చినది. అనగా నేడు ఒక మండల విలేఖరి వ్రాసిన వార్త, చెన్నైలోనున్న ట్రిబ్యునలు దక్షిణ మండల పీఠమును కదలింపగల శక్తి కలిగియున్నది. మన రెండు రాష్ట్రములును ఆ పీఠము పరిధిలోనివే.

దొంగ విలేఖరుల మాట

ఈ వ్యాసము చదువుచున్న సభ్యులలో కొందరికి ఇప్పటికే ఒక సందేహము కలిగియుండును. “కెమెరా చూపి డబ్బడుగువారు మా ఊరికిని వత్తురు. వారికిని ఈ రక్షణలు వర్తించునా?” ఇది న్యాయమైన ప్రశ్న. వర్తింపవు. వార్త వ్రాయకుండుటకు డబ్బడుగుట బలవంతపు వసూలు. అది న్యాయ సంహిత 308వ సెక్షను క్రింద నేరము. దానిపై పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చును. పత్రికలో అసత్యము వచ్చినచో ముందుగా సంపాదకునికి వ్రాసి, ఫలితము లేనిచో ప్రెస్ కౌన్సిలునకు ఫిర్యాదు చేయవచ్చును. కౌన్సిలు జరిమానా వేయజాలదు కాని పత్రికను మందలింపగలదు.

అయితే ఒక జాగ్రత్త అవసరము. కలుపు ఉన్నదని పైరును కోయరాదు. నిజమైన విలేఖరికి, దొంగ విలేఖరికి భేదము తెలిసికొనుట కష్టము కాదు. నిజమైనవాడు కాగితము అడుగును, కొలతలు అడుగును, మీ సమాధానము కూడ వ్రాసికొనును. దొంగవాడు డబ్బు మాత్రమే అడుగును.

పంచాయతీ చేయవలసినవి

ఇంతవరకు వివరించిన చట్టములు పుస్తకములలో నున్నవి. అవి కదలుటకు ఒక చేయి కావలెను. ఒంటరియైన విలేఖరి ఫిర్యాదు బల్ల అరలో పడియుండవచ్చును. అదే ఫిర్యాదు వెంట ఊరు నిలిచినచో అది అరలో ఇమడదు. కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులు చేయగలరు.

ఒకటి. చెరువు హద్దులు, ఇసుక రీచి అనుమతులు, క్వారీ లీజులు, కర్మాగారములకు పంచాయతీ ఇచ్చిన తీర్మానములు మొదలైనవానిని ఒక దస్త్రముగా భద్రపరచవలెను. సమాచార హక్కు చట్టములోని 4వ సెక్షను ప్రకారము వీనిని అడుగకముందే ప్రకటించుట మంచిది. తెరచియున్న దస్త్రమును గూర్చి పుకార్లు పుట్టవు.

రెండు. విలేఖరికి బెదిరింపు వచ్చినట్లు తెలిసిన దినముననే సర్పంచి గాని, సభ్యుడు గాని అతని వెంట పోలీసు స్టేషనుకు పోవలెను. రశీదు, నివేదిక నకలు తీసికొనువరకు అచ్చటనే యుండవలెను. మరునాడు సూపరింటెండెంటుకు, కలెక్టరుకు పంచాయతీ పక్షమున ఒక లేఖ వ్రాయవలెను. భిండ్ పట్టణపు ఉదంతమును తలచుకొనినచో ఒక్క దినము ఆలస్యమునకు విలువ ఎంతయో తెలియును.

మూడు. విలేఖరి వ్రాసినది నిజమైనచో ఆ విషయమును గ్రామసభ ముందు ఉంచి తీర్మానము చేయవలెను. 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో చిన్నతరహా నీటిపారుదల, త్రాగునీరు, సామాజిక అడవులు మొదలగు 29 అంశములు పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొనబడినవి. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్న ఖనిజముల లీజుకు ముందు గ్రామసభ యొక్క గాని, తగిన స్థాయి పంచాయతీ యొక్క గాని సిఫారసు తప్పనిసరియని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. తీర్మానము కాగానే వార్త ఒకని మాట కాక ఊరి మాట యగును. ఊరందరి మాటను బెదిరించుట తేలిక కాదు.

నాలుగు. సాక్ష్యము చెప్పుటకు వెనుదీయరాదు. వాగులో లారీలను చూచినవారు నలుగురున్నప్పుడు, విలేఖరి ఒక్కడే సాక్షిగా నిలుచుట ఊరికి గౌరవము కాదు. సాక్షులు నలుగురైనచో ముప్పు నలుగురిలో పంచబడును, భయము నాల్గవ వంతగును.

ఐదు. వార్త పంచాయతీనే తప్పు పట్టినచో కోపగింపక సమాధానమీయవలెను. ఊరి చెత్తను చెరువు గట్టున పోయుచున్నారని వార్త వచ్చినదనుకొనుడు. ఫోటో తీసినవానిపై దావా వేయుటకు అగు ఖర్చుతో చెత్తను తొలగింపవచ్చును. తొలగించిన పిదప అదే విలేఖరిని పిలిచి మరల ఫోటో తీయుమనవచ్చును. విమర్శకు ఇంతకంటె గట్టి జవాబు లేదు.

విలేఖరులలో స్త్రీల సంఖ్యయు పెరుగుచున్నది. వారికి బెదిరింపులు తరచుగా శీలమును గూర్చిన నిందల రూపమున వచ్చును. ఇట్టి నిందను గ్రామములో నోటికి నోరుగా వ్యాపింపనీయకుండుట పంచాయతీ పెద్దల బాధ్యత. ఫోను ద్వారా పంపు అసభ్యపు మాటలు కూడ చట్టము దృష్టిలో నేరమేయని గ్రామస్థులకు తెలియజెప్పవలెను.

రాజ్‌కుమార్ కేశ్వానీ తన చిన్న పత్రికలో వ్రాసినప్పుడు ఆయన వెంట ఏ పంచాయతీయు, ఏ సభయు నిలువలేదు. నిలిచియుండినచో భోపాల్‌లో ఏమి జరిగియుండెడిదో ఎవరును చెప్పజాలరు. కాని మన చెరువు గట్టున నేడు నిలబడి ఫోటో తీయు విలేఖరి విషయమున ఏమి జరుగవలెనో నిర్ణయించుట మన చేతిలోనున్నది. వచ్చు గ్రామసభ చర్చాంశములలో ఈ విషయమును చేర్చుడు. పంచాయతీ కార్యాలయపు గోడపై పోలీసు స్టేషను, జిల్లా సూపరింటెండెంటు కార్యాలయము, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయము, జిల్లా పౌరసంబంధాధికారి కార్యాలయముల ఫోను సంఖ్యలు వ్రాయించుడు. ఆ నాలుగు వరుసలకు అగు సున్నపు ఖర్చు స్వల్పము. అవి ఒకనాడు ఒక ప్రాణమును, ఒక చెరువును నిలుపవచ్చును.